మొబైల్ ఫేజ్ కలిపే చేతులు



రావులపాలెం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది అరటి మార్కెట్టు. కర్పూరం, చక్కెరకేళి, బొంత, ఏ రకం గెలైనా ఇక్కడికి చేరి, ఇక్కణ్ణుంచి లారీలకెక్కి పై రాష్ట్రాలకు పోతుంది. అదే హైవే మీద ఐసు పెట్టెల్లో రొయ్యలు వెళ్తుంటాయి. సాయంత్రమైతే హైదరాబాదు బస్సు కోసం, విశాఖ బస్సు కోసం భుజాన బ్యాగులతో నిలబడ్డ పిల్లలు కనిపిస్తారు. వాళ్ళలో బీ ఫార్మసీ చదివినవాళ్ళు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్ళు ఉంటారు. జీడిమెట్లకో, పాశమైలారానికో, పరవాడ ఫార్మా సిటీకో క్యూసీ, అంటే నాణ్యత పరీక్షించే ఉద్యోగాల మీద వెళ్తున్న పిల్లలు.

అరటిపండు, రొయ్య, మన పిల్లల ఉద్యోగం, ఈ మూడూ ఒకే బల్ల దగ్గర కలుస్తాయండి. పండులో పురుగుమందు మిగిలిందా? రొయ్యలో నిషేధించిన యాంటీబయాటిక్ ఉందా? మాత్రలో ఉండాల్సిన మందు ఉండాల్సినంత ఉందా? ఈ ప్రశ్నలకు ఇవాళ ఎక్కువగా జవాబు చెబుతున్నది ద్రవ క్రొమటోగ్రఫీ యంత్రం. ల్యాబుల్లో అందరూ హెచ్‌పీఎల్‌సీ అంటారు. నేను ఇవాళ మాట్లాడబోయేది ఆ యంత్రం గురించి కాదు. దాని నెత్తిన వరసగా పెట్టి ఉండే గాజుసీసాల గురించి, వాటిలో పోసే ద్రావకాల గురించి.

నేను మందుల పరిశ్రమలో, క్యూసీ విభాగంలో పనిచేశాను. అక్కడ కొత్తగా చేరిన ట్రైనీకి మొదటి రోజుల్లోనే అప్పజెప్పే పని మొబైల్ ఫేజ్ కలపడం. అది చిన్నపని అని అందరి లెక్క. రిజల్టు తేడా వచ్చినప్పుడు కాలమ్‌ని అనుమానిస్తారు, పంపుని అనుమానిస్తారు, డిటెక్టర్ దీపం పాతబడిందంటారు. సీసా వంక చూసేది అన్నీ అయిపోయాక. అదే ముందు చూడాలని నా గట్టి నమ్మకం. ఆ పనిని చిన్నపని అనుకోవడం మానేస్తే ల్యాబుల్లో సగం తలనొప్పులు పుట్టవు.

అసలు యంత్రంలో ఏం జరుగుతుందో రెండు మాటల్లో చెబుతాను. మన పక్కనే వాడపల్లి వెంకన్న గుడికి శనివారం జనం నడిచి వెళ్తారు. అందరూ ఒకేసారి బయల్దేరినా, దారి పక్క దుకాణాలన్నింటి ముందూ ఆగేవాళ్ళు వెనకబడతారు, ఎటూ చూడకుండా నడిచేవాళ్ళు ముందు చేరతారు. కాలమ్ అనే ఉక్కుగొట్టంలో కూడా అంతే. సుమారు పాతిక సెంటీమీటర్ల పొడవు, నాలుగున్నర మిల్లీమీటర్ల లోపలి వెడల్పు ఉన్న గొట్టంలో సన్నటి సిలికా రేణువులు కూరి ఉంటాయి. వాటి సైజు 5 మైక్రాన్లు, ఇంకా తక్కువ కూడా. శాంపిల్లో ఉన్న పదార్థాల్లో ఆ రేణువుల్ని పట్టుకుని ఆగేవి ఆలస్యంగా, ఆగనివి త్వరగా బయటికొస్తాయి. వాటిని నడిపించుకుపోయే ద్రవమే మొబైల్ ఫేజ్. 1903లో వార్సాలో మిఖాయిల్ త్స్వెత్ అనే రష్యన్ వృక్షశాస్త్రవేత్త ఆకుల్లోని రంగుల్ని ఈ పద్ధతిలోనే విడదీసి చూపించాడు. ఆయన గొట్టంలో ద్రావకం దాని బరువుకి అదే కిందికి జారేది. ఇప్పుడు పంపు దాన్ని వందల బార్ల ఒత్తిడితో తోస్తుంది. ఆ ఒత్తిడి కిందే ద్రావకంలోని ప్రతి లోపమూ బయటపడుతుంది.

ముందు నీళ్ళ సంగతి.

గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు మన ఇళ్ళల్లో చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేవారు. తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగి నీళ్ళు తేటపడేవి. కంటికి తేటగా కనిపిస్తే తాగడానికి పనికొచ్చేవని మన నమ్మకం. ఇప్పుడు ఊరూరా మినరల్ వాటర్ ప్లాంటు ఉంది. ఇరవై లీటర్ల టిన్ను తెచ్చుకుంటాం, టీడీఎస్ మీటరు 50 చూపిస్తే బాగా శుభ్రమైన నీళ్ళంటాం. తాగడానికి అది చాలు. హెచ్‌పీఎల్‌సీకి మాత్రం ఆ నీళ్ళు పనికిరావు. టీడీఎస్ 50 ఉన్న నీళ్ళు విద్యుత్తుని ఎంత పారనిస్తాయో, ల్యాబులో వాడే అల్ట్రాప్యూర్ నీళ్ళు దానిలో వెయ్యో వంతు కూడా పారనివ్వవు. వాటి విశిష్ట నిరోధం 25 డిగ్రీల దగ్గర 18.2 మెగాఓమ్ సెంటీమీటరు. లవణాలు దాదాపు లేనట్టే అని దాని అర్థం. దాంతో కూడా అయిపోలేదు. సేంద్రియ పదార్థం, అంటే ఆకు కుళ్ళిందో, బాక్టీరియా వదిలిందో, ప్లాస్టిక్ నుంచి దిగిందో, నీళ్ళలో ఉంటే నిరోధం కొలిచే మీటరుకి తెలియదు. దాన్ని విడిగా టీఓసీ అని కొలుస్తారు. మంచి యూనిట్లలో అది 5 పీపీబీ లోపు, అంటే వంద కోట్ల పాళ్ళలో ఐదు పాళ్ళ లోపు ఉంటుంది.

ఇంత శుభ్రం చేసిన నీళ్ళు గాలి తగిలితే నిలవవు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి నిమిషాల్లో ఆ 18.2 పడిపోతుంది. అందుకే నీళ్ళు పట్టి క్యానులో నిలవబెట్టుకోకూడదు. అప్పటికప్పుడు పట్టాలి, మొదట వచ్చిన కాసిని పారబోయాలి, గాజు సీసాలోకే పట్టాలి. రబ్బరు గొట్టం తగిలించి సీసాలోకి దింపడం చాలాచోట్ల అలవాటు. ఆ గొట్టం లోపలే బాక్టీరియా కాపురం పెడుతుంది.

ఈ పట్టింపు ఎందుకో రైతుకు అర్థమయ్యే లెక్కలో చెబుతాను. రొయ్యల్లో క్లోరామ్‌ఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఉండకూడదు. దాన్ని ఎంత తక్కువ మోతాదు వరకూ ల్యాబులు పట్టుకోగలగాలో యూరోపియన్ యూనియన్ 2003లో ఒక హద్దు పెట్టింది. కిలో రొయ్యకు 0.3 మైక్రోగ్రాము. గ్రాములో పది లక్షల వంతు ఒక మైక్రోగ్రాము, అందులో మూడో వంతు కూడా కాదు. తర్వాత ఆ హద్దుని ఇంకా సగానికి దించారు. చెరువులో ఒక పంట వేయడానికి రైతు ఎంత అప్పు తెచ్చి ఉంటాడో భీమవరంలోనో అమలాపురంలోనో ఎవర్నడిగినా చెబుతారు. ఆ రొయ్యల కంటెయినరు రేవు దాటుతుందా, వెనక్కి తిరుగుతుందా అన్నది అంత చిన్న అంకె మీద ఆధారపడి ఉంటుంది. అంత సన్నటి సంగతి వెతికే చోట సీసాలో ఉన్న మురికి శాంపిల్లో ఉన్నదాని కంటే ఎక్కువైతే ఇక ఆ రిపోర్టుకి విలువేముంది?

మందుల్లో కూడా ఇంతే. రోజుకు రెండు గ్రాముల లోపు వాడే మందు పదార్థంలో ఏ మలినమైనా 0.05 శాతం దాటితే దాన్ని రిపోర్టులో చూపించాలని అంతర్జాతీయ నిబంధన. ఇక్కడే దయ్యంపీకు వస్తుంది. పీకు అంటే గ్రాఫు మీద ఒక్కో పదార్థానికీ లేచే గుట్ట. శాంపిల్లో లేనిదానికి లేచే గుట్టని ఘోస్ట్ పీక్ అంటారు. గ్రేడియంట్ పద్ధతిలో, అంటే ద్రావకాల పాళ్ళు మార్చుకుంటూ నడిపే పద్ధతిలో, మొదట నీళ్ళ పాలు ఎక్కువగా పోతుంది. నీళ్ళలోని సేంద్రియ మురికి కాలమ్ మొదట్లోనే అతుక్కుని పోగవుతుంది. తర్వాత అసిటోనైట్రైల్ అనే సేంద్రియ ద్రావకం పాలు పెరిగేసరికి ఆ పోగైనదంతా ఒక్కసారి ఊడివస్తుంది. గ్రాఫు మీద చక్కటి గుట్టలా కనిపిస్తుంది. అది శాంపిల్‌లోంచి వచ్చింది కాదు, మన నీళ్ళలోంచి వచ్చింది. తెలియనివాడు దాన్ని మలినమని రాస్తే మంచి బ్యాచి ఆగిపోతుంది, వారాల తరబడి విచారణ నడుస్తుంది. అంతకంటే భయపడాల్సింది ఇంకొకటుంది. నిజంగా ఉన్న మలినం ఆ దయ్యం వెనక దాక్కుంటే, ఆ మాత్ర రోగి నోట్లోకి వెళ్తుంది. 2018లో రక్తపోటు మందు వల్సార్టాన్‌లో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న మలినం బయటపడి దేశదేశాల్లో ఆ మాత్రల్ని వెనక్కి తెప్పించారు. అప్పటి నుంచి మలినాల వేట ఇంకా సన్నటి అంకెల్లోకి దిగింది. అందుకే రోజూ శాంపిల్ పెట్టకముందు వట్టి ద్రావకంతో ఒక బ్లాంక్ రన్ చేసి చూడమంటాను. టైము దండగ అనేవాళ్ళుంటారు. అనుకోనివ్వండి.

ఇక బఫరు, అంటే పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రావణం. ఒక ఉదాహరణ పెట్టుకుందాం. 20 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 3.0, దానికి అసిటోనైట్రైల్, 60కి 40 పాళ్ళు. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ లీటరుకు 2.72 గ్రాములు తూచాలి. నీళ్ళలో పూర్తిగా కరిగాక, పలచన చేసిన ఆర్థోఫాస్ఫారిక్ ఆసిడ్ చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ దించాలి. పీహెచ్ మీటరుని 4, 7 బఫర్లతో సరిచూసి ఊరుకుంటే చాలదు. మనకు కావలసిన 3.0కి కింద కూడా ఒకటి ఉండాలి, 1.68 బఫరు తీసుకోవాలి. చెయ్యి జారి ఆసిడ్ ఎక్కువ పడితే, క్షారం వేసి వెనక్కి లాగే ప్రయత్నం వద్దు. లాగితే మీటరు మీద 3.0 వస్తుంది, కానీ లవణం పెరిగిపోయి ఉంటుంది. పారబోసి మళ్ళీ కలపండి. పారబోయడానికి మనసొప్పని వాళ్ళే తర్వాత రెండు రోజులు కాలమ్‌తో కుస్తీ పడతారు.

పీహెచ్ చూడాల్సింది అసిటోనైట్రైల్ కలపకముందు. ద్రావకం కలిశాక మీటరు చూపించే అంకె నీళ్ళలో చూపించే అంకెతో సమానం కాదు. మరి 3.0 దగ్గరే ఎందుకు? ఫాస్ఫేట్‌కు పీకేఏ (ఆమ్లం సగం విడిపోయే పీహెచ్) ఒకటి 2.15 దగ్గర, ఇంకొకటి 7.2 దగ్గర ఉన్నాయి. పీకేఏకి అటూ ఇటూ ఒక అంకె లోపలే బఫరుకి పట్టు ఉంటుంది. 5 దగ్గర ఫాస్ఫేట్ పట్టు దొరకదు, అక్కడ అసిటేట్ కావాలి. ఇంకొక మాట. రొయ్యల పరీక్షలో వాడే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న యంత్రానికి ఫాస్ఫేట్ పెట్టనే కూడదు. అది ఆవిరవదు, లోపల ఉప్పుగా పేరుకుపోతుంది. అక్కడ ఫార్మిక్ ఆసిడ్, అమోనియం ఫార్మేట్ లాంటివి వాడతారు.

కొలతలో చాలామంది తడబడేది ఇక్కడ. వెయ్యి మిల్లీలీటర్ల కొలపాత్రలో అసిటోనైట్రైల్ బదులు వాడే మిథనాల్ 500 పోసి, వెయ్యి గీత దాకా నీళ్ళు నింపితే సగం సగం అయిందనుకుంటారు. కాలేదు. మిథనాలూ నీళ్ళూ కలిస్తే మొత్తం కుంచించుకుపోతుంది. 500, 500 విడివిడిగా కొలిచి కలిపి చూడండి, లీటరు రాదు, ముప్పై మిల్లీలీటర్ల పైనే తరుగు పడుతుంది. గీత దాకా నింపినవాడు ఆ తరుగుని కూడా నీళ్ళతోనే పూడ్చాడన్నమాట. పీకు ఆలస్యంగా వస్తుంది. ఇద్దరు కెమిస్టులు, ఒకే పద్ధతి, రెండు ఫలితాలు. దేనికది విడిగా కొలిచి కలపాలి, ఎలా కొలిచారో రాయాలి. మిథనాల్ కలిపితే సీసా వెచ్చబడుతుంది, అసిటోనైట్రైల్ కలిపితే చల్లబడుతుంది. చల్లటిది గది వేడికి వచ్చేటప్పుడు బుడగలు కక్కుతుంది. కాబట్టి కలపగానే యంత్రానికి తగిలించకూడదు, కాసేపు ఆగాలి. ఎండాకాలంలో ఏసీ ఆగిపోయి ల్యాబు వేడెక్కితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది.

వడపోత గురించి నా అభిప్రాయం కొంత వేరు. హెచ్‌పీఎల్‌సీ గ్రేడని అమ్మే ద్రావకాలు కంపెనీలోనే వడపోసి సీసాకెత్తుతారు. దాన్ని మళ్ళీ మన గాజుసెట్టులో పోసి వడగడితే శుభ్రం కావడం కంటే మురికి అంటే అవకాశమే ఎక్కువ. తప్పకుండా వడగట్టాల్సింది లవణం కలిపిన బఫరుని. 0.45 మైక్రాన్ల పొర, సన్న రేణువుల కాలమ్ అయితే 0.22. అదీ అసిటోనైట్రైల్ కలపకముందు. కలిపాక వాక్యూమ్ పెట్టి లాగితే ద్రావకం ఆవిరై పాళ్ళు మారతాయి. పొర ఏ పదార్థంతో చేసిందో కూడా చూడాలి. సెల్యులోజ్ నైట్రేట్, సెల్యులోజ్ అసిటేట్ పొరలు నీళ్ళ వరకే, అసిటోనైట్రైల్ తగిలితే పాడవుతాయి. నైలాన్ రెంటికీ ఓర్చుకుంటుంది.

గాలి తీసెయ్యడం, అదే డీగ్యాసింగ్. ద్రావకంలో కరిగిన గాలి పంపులో బుడగై కూర్చుంటే ఒత్తిడి ఎగుడుదిగుడవుతుంది, బేస్‌లైన్ (గ్రాఫు అడుగుగీత) వణుకుతుంది. ధ్వనితరంగాలతో కుదిపే సోనికేటర్లో పెడతారు, హీలియం వదులుతారు, కొత్త యంత్రాల్లో అయితే లోపలే డీగ్యాసర్ ఉంటుంది. సోనికేటర్లో పెట్టి టీకి వెళ్ళిపోకూడదు. ఎక్కువసేపు ఉంటే వేడెక్కి అసిటోనైట్రైల్ ఎగిరిపోతుంది.

నిలవ విషయంలో నేను చాలా కచ్చితం. నీళ్ళు ఎక్కువగా ఉండే బఫర్లలో, ముఖ్యంగా పీహెచ్ 7 చుట్టుపక్కల ఉండే ఫాస్ఫేట్‌లో, రెండో రోజుకే బాక్టీరియా మొదలవుతుంది. మన కోస్తా ఉక్కలో చెప్పక్కర్లేదు. దాన్ని ఆ రోజుకారోజు కలుపుకోవడమే మేలు. అన్నిటికంటే చెడ్డ అలవాటు, సీసాలో కొంచెం మిగిలితే దాని మీదే కొత్తది పోసెయ్యడం. పాతదాని బాక్టీరియా కొత్తదానికి పట్టుకుంటుంది, లేబుల్ మీది తేదీ అబద్ధమవుతుంది. ఆ తేదీ అబద్ధమైతే ఆ సీసాతో తీసిన ప్రతి రిజల్టూ ప్రశ్నే. లేబుల్ మీద పేరు, పాళ్ళు, పీహెచ్, కలిపిన తేదీ, వాడాల్సిన గడువు, కలిపినవాళ్ళ సంతకం ఉండాలి. అమెరికా ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టరు వచ్చినా, మన డ్రగ్ ఇన్‌స్పెక్టరు వచ్చినా ఆ సంతకం దగ్గర మొదలుపెట్టే హక్కు వాళ్ళకుంది. సాయంత్రం పని ముగిశాక బఫరు ఉన్న కాలమ్‌లోకి తిన్నగా వట్టి అసిటోనైట్రైల్ ఎక్కించకూడదు, ఉప్పు గడ్డకట్టి దారులు మూసుకుపోతాయి. ముందు నీళ్ళు ఎక్కువగా, ద్రావకం పదోవంతు ఉన్న మిశ్రమంతో కడిగి, ఆ తర్వాతే ద్రావకం పెంచాలి.

ఇన్నిసార్లు అసిటోనైట్రైల్ అన్నాను కదా, దాని గుణమూ, పుట్టుకా కూడా చెప్పాలి. అది 190 నానోమీటర్ల దాకా అతినీల కిరణాల్ని అడ్డుకోదు. మిథనాల్ అయితే 205 దగ్గరే మొదలుపెడుతుంది. జిగురు తక్కువ కాబట్టి పంపుకీ సుఖం. అరటిపండులో పురుగుమందు చూడాలన్నా ముందు పండు గుజ్జులో అసిటోనైట్రైల్ పోసి, ఉప్పు వేసి కుదిపి తీస్తారు. 2003లో వచ్చిన ఆ పద్ధతిలో పది గ్రాముల గుజ్జుకు పది మిల్లీలీటర్లు. ఇంత పనికొచ్చే ద్రావకాన్ని చాలావరకు ఎవరూ దానికోసమే తయారుచెయ్యరు. ప్లాస్టిక్కుకీ, బట్టలనూలుకీ వాడే అక్రిలోనైట్రైల్ చేస్తుంటే పక్కన వచ్చే పదార్థమిది. 2008లో ఆర్థికమాంద్యంతో కార్లు, వస్తువులు కొనేవాళ్ళు తగ్గి అక్రిలోనైట్రైల్ తయారీ తగ్గింది. బీజింగ్ ఒలింపిక్స్ కోసం చైనాలో ఫ్యాక్టరీలు ఆపారు. ఐక్ తుఫాను అమెరికాలో టెక్సాస్ తీరాన్ని కొట్టింది. అన్నీ కలిసి ప్రపంచమంతటా అసిటోనైట్రైల్‌కు కరువొచ్చింది, ధర ఎన్నో రెట్లు పెరిగింది. ల్యాబులు మిథనాల్‌కి మారదామని చూశాయి, సన్నటి కాలమ్‌లు పెట్టుకుని తక్కువ ద్రావకంతో నడిపించుకోవడం నేర్చుకున్నాయి. ఆ పొదుపు ఇప్పటికీ పాటించదగిందే. నిమిషానికి మిల్లీలీటరు చొప్పున నడిచే ఒక్క యంత్రం రాత్రీపగలూ పనిచేస్తే దాదాపు లీటరున్నర తాగేస్తుంది.

తాగినదంతా రెండో చివర వేస్టు క్యానులోకి వస్తుంది. ఆ క్యాను ఎటు పోతుందన్నది ల్యాబు మర్యాదకు సంబంధించిన విషయం. మిథనాల్ కళ్ళు పోగొట్టే విషం. అసిటోనైట్రైల్ ఒంట్లోకి వెళ్తే మెల్లగా సయనైడుగా మారుతుంది. రెంటినీ సింకులో పోయడానికి వీల్లేదు. మూతపెట్టిన క్యానులో పోగుచేసి, లేబుల్ అంటించి, పద్ధతిగా కాల్చే చోటికి పంపాలి. 2007లో స్వీడన్ పరిశోధకులు జోకిమ్ లార్సన్ బృందం హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళను పరీక్షించి ప్రచురించారు. శుద్ధి అయ్యాక కూడా అందులో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకూ ఉంది. అది కనిపెట్టింది కూడా ద్రవ క్రొమటోగ్రఫీయే. పైన ఎవరు ఏం కలిపినా కింద కాలవ నీళ్ళు వాడుకునే మనకే చేరుతుందని గోదావరి డెల్టాలో పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పాలా?

చివరిగా ఇక్కడి డిగ్రీ కాలేజీల, ఫార్మసీ కాలేజీల అధ్యాపకులకు నా మనవి. హెచ్‌పీఎల్‌సీ యంత్రం లక్షల ఖరీదు, ప్రతి కాలేజీ కొనలేదు. కొన్న చోట కూడా పాడవుతుందని తాళం వేసి ఉంచడం చూశాను. కానీ మొబైల్ ఫేజ్ తయారుచెయ్యడం నేర్పడానికి ఆ యంత్రం అక్కర్లేదు. తక్కెడ, పీహెచ్ మీటరు, కొలపాత్రలు, వడపోత సెట్టు, సోనికేటరు చాలు. ఇవి చాలావరకు మీ దగ్గరున్నవే. పిల్లల చేత 500, 500 కలిపించి తరుగు ఎంతొచ్చిందో వాళ్ళ కళ్ళతో చూడనివ్వండి. పీహెచ్ దాటిపోయిన బఫరుని పారబోయించండి. నాలుగు రోజులు నిలవ పెట్టిన ఫాస్ఫేట్ బఫరుని వెలుతురుకెత్తి చూపించండి, మబ్బు పట్టి ఉంటే అదేమిటో అడగండి. లేబుల్ రాయించి, మార్కులు ఆ లేబుల్‌కి కూడా వెయ్యండి. రావులపాలెంలో బస్సెక్కే పిల్లలు ఈ పని చేతికొచ్చి ఎక్కితే, మొదటి రోజు సీనియర్ ఒక సీసా చేతికిచ్చి కలుపుకురమ్మన్నప్పుడు, నీళ్ళు ఎప్పుడు పట్టినవి అని ముందు అడుగుతారు.